దానిమ్మ చెట్టుకు పూడిమడక వల

పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేసరికి దానిమ్మ చెట్టు కింద మళ్ళీ మొగ్గలు పడి ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే ఏరి చీర కొంగులో వేసుకున్నాను. గాలికి రాలిన మొగ్గ వేరు, కొరికి పడేసిన మొగ్గ వేరు. గాలికి రాలేది ముందే పసుపు తిరిగి, తొడిమతో సహా ఊడి వస్తుంది. ఉడత కొరికితే అడుగున గుంట పడుతుంది. ఇవి చిలుకల పని. నడిమికి చీల్చి, లోపలి లేత భాగం తినేసి, ఎర్రటి పైతొక్క కింద పారేశాయి. వాటి కడుపులోకి వెళ్ళేది ఆవగింజంత, పాడుచేసేది గంపెడు.

తలెత్తి చూశాను. కొమ్మల మీద ఇంకా మొగ్గలున్నాయి. తొలకరి పడి ఎన్నాళ్ళో కాలేదు, చెట్టు ఇంకా వేస్తూనే ఉంది.

"ఉన్నయి చాలు. ఈ ఏడు నీ సేత కాయ కాయించే తీరతాను" అన్నాను చెట్టుతో.

"ఏటి వదినా, తెల్లారీసరికి సెట్టుతో దెబ్బలాట?" అంటూ గోడ మీద అప్పలకొండమ్మ తల లేచింది. మా పక్కింటి మనిషి. వాళ్ళ ఆయన సూర్యనారాయణకి ఊరి బయట చెరకు తోట ఉంది. మా పెరటి సంగతులు చూడటానికి కొండమ్మ గోడవతల ఒక బోర్లించిన తొట్టి ఎప్పుడూ ఉంచుకుంటుంది.

"సెట్టు ఇంటాది. నీలాగ ఎదురు సెప్పదు" అన్నాను.

"ఇంటే నిరుడే కాద్దును కదా."

నిరుడు జరిగిన తప్పు నాదే గాని చెట్టుది కాదు. దినపత్రికలో రైతుల పేజీలో కాయలకు గుడ్డ సంచులు కట్టమని రాశారు. కాయ దాకా ఆగడం ఎందుకని నేను మొగ్గలకే కట్టేశాను. జాకెట్లు కుట్టే మనిషిని, గుడ్డ పేలికలకు లోటేముంది? చిలుకలు రాలేదు, ఉడతలు రాలేదు, తేనెటీగలు కూడా రాలేదు. పూలు సంచుల్లోనే పూసి సంచుల్లోనే రాలిపోయాయి. విప్పి చూస్తే ప్రతి సంచిలో ఒక వడిలిన పువ్వు.

ఆ చెట్టు మా అమ్మాయి సోనీ నాటింది. సిస్టరు అవుతానని కాన్వెంటులో చేరడానికి వెళ్ళిన రోజున, మేం గుడి అనే చర్చి ఆవరణలో దానిమ్మ కొమ్మ ఒకటి విరిచి తెచ్చి, పెట్టె ఆటోలో పెట్టేసి, నా కోసం వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చింది. నేను అక్కడ లేని పని కల్పించుకుని బట్టలు ఉతుకుతున్నాను. ఎవరు ప్రయాణమైనా నేను వీధి గుమ్మంలోకి రాను. మా ఆయన బెల్లం లోడు వేసుకుని లారీ మీద ఒరిస్సా బయలుదేరినప్పుడు గుమ్మంలో నిలబడి చెప్పింది ఒకే మాట, "వెళ్ళొస్తాను" అని. బరంపురం దాటలేదు, తిరిగి ఇంటికీ రాలేదు. మా అమ్మ ఆసుపత్రికి వెళ్తూ అదే మాట అంది. మా చెల్లెలు కూడా అంతే. ఆ మాట చెవిన పడితే నాకు కాళ్ళలో బలం పోతుంది. అందుకే వినబడని చోట ఉంటాను.

సోనీ కొమ్మను గుచ్చి, బిందెలో నీళ్ళు పోసి, చేతులు నా కొంగుకే తుడుచుకుని, "ఇది కాయ కాసిన్నాడు వచ్చి తింటానమ్మా. వెళ్ళొస్తాను" అంది.

తరవాత గుడిలో దేవుడి ముందు వ్రతం పట్టి, మాటపట్టు ఇచ్చి సిస్టరు అయింది. ఏలూరు దగ్గర ఉంది. సెలవు మీద వచ్చింది కూడా, రాలేదని చెప్పను. వచ్చినప్పుడల్లా చెట్టు దగ్గరకు వెళ్ళి ఆకుల కింద వెతికేది. ఏమీ ఉండేది కాదు. ఫోనులో మొదటి మాట "ఆరోగ్యం ఎలా ఉంది" అని కాదు, "మొగ్గ నిలబడిందా అమ్మా?" అనే. ఈసారి క్రిస్మసు దాటాక సెలవు ఇస్తామన్నారట. తొలకరి మొగ్గ క్రిస్మసుకు పండవుతుంది. లెక్క సరిపోయింది. ఇక చిలుకలతోనే నా పేచీ.

నాకు భయాలు ఎక్కువని మా వీధిలో అందరికీ తెలుసు. గ్యాసు కట్టానో లేదో అని గుడి మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చే మనిషిని. కాని ఆ భయమంతా చేతులు ఖాళీగా ఉన్నప్పుడే. పనిలో దిగానంటే నాకు భయం ఉండదు. బడి మొహం చూడకుండానే, నోటికి వచ్చిన జపాలను జపాల పుస్తకంలో అక్షరాలతో పోల్చుకుంటూ చదవడం నేర్చుకున్నాను. అక్షరాలే లొంగినప్పుడు చిలుకలు లొంగవా?

మొదట పాత కేసెట్టు రీలు లాగి కొమ్మ కొమ్మకూ కట్టాను. ఎండకు తళతళలాడింది, గాలికి జుయ్యిమంది. మొదటి రెండు పూటలూ చిలుకలు కొబ్బరి చెట్టు మీద నుంచే చూసి వెళ్ళిపోయాయి. తరవాత అలవాటు పడ్డాయి. ఒకటైతే రీలు ముక్కుతో పట్టుకుని ఊగింది.

"అయి మీ క్రిస్మసు పాటలు కదేటి?" అంది కొండమ్మ గోడ మీద నుంచి. "పాట ఇందారని మరిన్ని వచ్చీసినాయి, సూడు."

"అయితే మీ ఆయన భజన కేసెట్టు ఇయ్యి. కట్టి సూద్దాం."

"అది కడితే చిలకలేటి, నేనే ఊరొదిలి పారిపోతాను. రోజూ పొద్దున్నే అదే యేత్తాడు."

రీలు లాభం లేదని తేలాక నాకు వల సంగతి తోచింది. మాకు చేపలు తెచ్చే చిన్నమ్మలుది పూడిమడక. పొద్దున్నే సముద్రం దగ్గర గంప నింపుకుని, బస్సెక్కి అనకాపల్లి వచ్చి వీధులన్నీ తిరుగుతుంది. నన్ను అప్పా అంటుంది, మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

"పాత వల ఒకటి తెచ్చిపెట్టు" అని అడిగాను.

"వలా? ఏటి పడతావప్పా? బెల్లం మార్కెట్లో వంజరాలు ఈదతన్నాయేటి?"

"పట్టడానికి కాదే. సెట్టు మీద కప్పడానికి."

"సెట్టుకి వల కట్టిన ఊరు నాను సూణ్ణేదు" అంది గాని, మరుసటి వారం గంప అడుగున చుట్టి తెచ్చింది. ఆకుపచ్చ నైలాను వల. వాళ్ళ ఆయన, పేరు దేముడు, పడవ మీద వాడి, చిరుగులు పడ్డాక ఇంటి కప్పు మీద పారేసిందట. చిరుగులు తనే అల్లి బాగుచేసింది. కన్ను తేనెటీగ దూరేంత ఉంది, చిలుక దూరేంత లేదు. నేను చూడవలసింది అదే, చూసుకున్నాను.

కట్టడం చిన్నమ్మలు చేతికే వదిలాను. వల విషయంలో ఆమెకన్నా నాకు తెలుస్తుందా? గోడ మేకు నుంచి కొబ్బరి మానుకు తాడు బిగించి, దాని మీద వల వేసి, చుట్టూ కిందికి వదులుగా జారవిడిచింది. గాలికి వల అలల్లా కదిలింది.

"ఇంకొంచెం లాగి కట్టవేటి?" అని కొండమ్మ అడిగింది.

"వల అంటే ఇలాగే ఉండాలప్పా. బిగిత్తే సేప తగిలి ఎనక్కెల్పోద్ది. వొదిలేత్తే సుట్టుకుంటాది."

నేనూ కొండమ్మా తలలూపాం. ముగ్గురం ఆడవాళ్ళం, ముగ్గురం నెత్తి నెరిసినవాళ్ళం, చెట్టు చుట్టూ నిలబడి ఆ మాట విని తలలూపాం. అందులో ఏముందో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు నుంచి వీధిలో పిల్లులన్నీ మా పెరట్లోనే. వల ఎంత ఉతికినా చేపల వాసన పోలేదు. పిల్లులు కింద కూర్చుని వల వైపు భక్తిగా చూసేవి. వాటిని చూసి ఉడతలు గోడ దిగడం మానేశాయి.

"ఉడతలకి పిల్లి కాపలా. పిల్లికి వాసనే జీతం. నీ తెలివి తెల్లారినట్టే ఉంది వదినా" అని కొండమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను. కొమ్మల నిండా మొగ్గలు, కింద ఒక్కటీ లేదు. నవ్వక ఏం చేస్తాను?

తరవాత పెద్ద వాన కురిసి వాసన కొట్టుకుపోయింది, పిల్లులు పోయాయి. ఆ వాన వెలిసిన ఉదయమే పెరట్లో చిలుక అరుపు వినబడింది. రోజూ వినే అరుపు కాదు. చీపురు పారేసి పరుగెత్తాను.

వల మడతలో చిలుక పడింది. మొగ్గ కోసం వాలి ఉంటుంది. వదులు వల కాలికి చుట్టుకుంది, విడిపించుకోబోతే రెక్కకు చుట్టుకుంది, గింజుకునేసరికి మెడకు పడింది. కొబ్బరి మట్ట మీద దాని జత కూర్చుని గొంతు చించుకుంటోంది. దిగుతుంది, వల దగ్గరకు వచ్చి ఎగిరిపోతుంది, మళ్ళీ దిగుతుంది.

నేను లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చాను. తువ్వాలు చిలుక మీద కప్పి పట్టుకున్నాను. బొటనవేలు కరిచింది. దాని గుండె నా అరచేతిలో మిషను సూదిలా కొట్టుకుంటోంది.

"కొయ్యకే వదినా! వల పోద్ది! మెల్లగా విప్పు!" కొండమ్మ తొట్టి మీద నుంచి అరిచింది.

"విప్పీసరికి ప్రాణం పోద్ది. అదిగో, దాన్ని సూడు, ఎలా ఏడుత్తుందో."

"మొగ్గలు తినీది అదే కదే!"

"తింటే తింది."

మెడ దగ్గర దారం మొదట కోశాను. తరవాత రెక్క, తరవాత కాలు. దారం ముక్క ఒక్కటి కూడా ఒంటి మీద మిగలకుండా వేలితో తడిమి చూసి, తువ్వాలు తీశాను. చిలుక గోడ మీద పడి, కాసేపు నోరు తెరుచుకుని కూర్చుని, ఒక్కసారిగా లేచింది. జత దాని వెనకే లేచింది. రెండూ కలిసి మార్కెట్టు వైపు వెళ్ళిపోయాయి. కలిసి వెళ్ళాయి కాబట్టి నేను చూడగలిగాను.

చేతులు ఖాళీ అవగానే భయం మొదలైంది. నేను లేవకపోయి ఉంటే? గుడికి వెళ్ళి ఉంటే? అలా అనుకుంటూనే వల మొత్తం దింపేశాను. చెట్టు బోడిగా నిలబడింది. మధ్యాహ్నానికి చిలుకలు మళ్ళీ వచ్చాయి, మొగ్గలు మళ్ళీ రాలాయి. గిన్నె మీద గరిటె కొడుతూ చెట్టు కింద పీట వేసుకుని కూర్చున్నాను. అలా ఎన్నాళ్ళు కూర్చోగలను? జాకెట్లు ఎవరు కుడతారు?

చిన్నమ్మలు వచ్చి వలలో కంత చూసి నోరు నొక్కుకుంది.

"నా వలకి సిలక పడ్డాదా! మా ఆయనకి సెప్తే నవ్వుతాడప్పా. ఏటి సేత్తాం, వల దాని పని అది సేసింది."

"అదే తప్పయిపోయింది" అన్నాను. అప్పుడు తట్టింది. "నువ్వప్పుడు ఏటన్నావు? బిగిత్తే ఏటవుద్ది?"

"తగిలి ఎనక్కెల్పోద్ది."

"మరి మనకి కావలసింది అదే కదే! తగలాలి, ఎనక్కి పోవాలి. మనకి చిలక కూర అక్కర్లేదు కదా!"

చిన్నమ్మలు గంప దించి, నెత్తిన చేతులు పెట్టుకుని, తరవాత పడి పడి నవ్వింది. "పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ పట్టడానికే కట్టేనప్పా. పట్టకుండా కట్టడం సేతులకి ఎలా వత్తాది?"

బిగించడం మాత్రం కొండమ్మ మొగుడికి బాగా తెలుసు. సూర్యనారాయణ చెరకు తోటలోంచి సరుగుడు కర్రలు తెచ్చి చెట్టు చుట్టూ పందిరిలా పాతాడు. చిన్నమ్మలు కంత అల్లి ఇచ్చింది. ఆయన నవారు మంచం బిగించినట్టు కాలు తన్నిపెట్టి వల లాగి కట్టాడు.

"కొమ్మకి తగలకూడదు బావా, జానెడు ఎడం ఉండాలి. తగిలిందంటే బయట కూకునే ముక్కు పెట్టి తినేత్తాయి" అని నేను చెబుతూనే ఉన్నాను.

"మేరమ్మా, నువ్వు కూకో. నీ కంగారుకి కర్రలు కూడా వణుకుతున్నాయి" అన్నాడు ఆయన. కాని చెప్పినట్టే ఎడం ఉంచాడు.

కింద ఉడతలు దూరకుండా నూనె డబ్బాల రేకులు విప్పి మట్టిలోకి దిగేసి, ఇటుకలు పెట్టాం. అంతా అయ్యాక వేలితో వల మీద కొట్టి చూశాను. డప్పులా పలికింది. మరునాడు చిలుకలు వచ్చాయి. ఒకటి వల మీద వాలబోయి, కాలికి పట్టు దొరక్క జారి, తిట్టుకుంటూ ఎగిరిపోయింది. వాటిలో ఏది నా వేలు కరిచిందో పోల్చుకోలేకపోయాను. ఏదైనా సరే, ఎక్కడా చిక్కుకోకుండా వెళ్ళింది.

పూలు విచ్చాయి. తేనెటీగలు వల కన్నుల్లోంచి తమ ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళివచ్చాయి. కొన్ని పూలు రాలాయి. కొన్నిటి అడుగు లావెక్కింది. నిమ్మకాయంత అయ్యాక, రైతుల పేజీలో చెప్పినట్టు, అప్పుడు గుడ్డ సంచులు కట్టాను. సోనీ చిన్నప్పటి బడి యూనిఫాం నీలం పావడా పెట్టెలో ఉంటే తీసి దానితోనే కుట్టాను. తుఫాను గాలులకు మూడు కాయలు పోయాయి. నాలుగు మిగిలాయి. గాలి వీచిన ప్రతిసారీ లేచి తాళ్ళు చూసుకున్నాను, అది నా తీరు. కాని కాయ నిలుస్తుందా అన్న సందేహం మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు.

మాకు ఫోను లేదు. సోనీ ఫోను కొండమ్మ ఇంటికే వస్తుంది. డిసెంబరు మొదట్లో ఒక సాయంత్రం కొండమ్మ గోడ మీద నుంచి పిలిచింది. నేను చేతి తడి తుడుచుకుంటూ వెళ్ళాను.

"మొగ్గ సంగతి అడక్కు. కాయ! నాలుగు కాయలు!" అన్నాను రిసీవరు పట్టుకుంటూనే.

అవతల నవ్వింది.

"అమ్మా, సెలవు లేదమ్మా ఈసారి. నన్ను అస్సాం వెళ్ళమన్నారు. టీ తోటల దగ్గర బడి. అక్కడ సిస్టరుకి జబ్బు చేసింది, వెంటనే వెళ్ళాలి. మళ్ళీ సెలవు ఎన్నేళ్ళకో తెలీదు."

కొండమ్మ గోడకున్న కేలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను. అందులో బొమ్మ ఏమిటో ఇప్పుడు అడిగినా చెప్పలేను.

"బండి మన ఊరి మీద నుంచే వెళ్తుంది. వచ్చే బుధవారం మధ్యాహ్నం. రెండు నిమిషాలు ఆగుతుంది" అంది సోనీ. ఆ పైన చాలా నెమ్మదిగా, "నువ్వు స్టేషనుకి రావని తెలుసు. ఊరికే చెప్పానమ్మా."

"వత్తాను. కాయ తెత్తాను. నా సేత్తో తినిపిత్తాను." భయం నోరు తెరిచేలోగా నా నోరు తెరుచుకుంది.

ఫోను పెట్టేశాక కొండమ్మ నా మొహం చూసి నీళ్ళు తెచ్చింది. "నువ్వు? స్టేషనుకి? మా పిల్ల పెళ్ళయి ఆటో ఎక్కుతుంటే మంచం కింద దూరిన మనిషివి!"

"మంచం కింద కాదు, వంటింట్లో."

"కాయ పండకపోతే?"

"పండుద్ది."

అంత గట్టిగా అన్నాను గాని, ఇంటికి వచ్చి సంచులు విప్పి చూస్తే మూడు కాయలు పచ్చగానే ఉన్నాయి. దక్షిణం వైపు పెద్దది ఒక్కటే రంగు తిరుగుతోంది. గోటితో తడితే ఇంకా మెత్తటి చప్పుడే. పండినది గట్టిగా, ఇత్తడి చెంబు మీద కొట్టినట్టు పలకాలి. కోసి బియ్యంలో పెట్టమని కొండమ్మ సలహా ఇచ్చింది. దానిమ్మ కోశాక పండదు, చెట్టు మీదే పండాలి. బుధవారం పొద్దుటి దాకా ముట్టుకోకూడదని నిశ్చయించుకున్నాను. సంచి తీసేసి ఎండ తగలనిచ్చాను. వల ఉంది కదా, భయం లేదు.

ఇక మిగిలిన రోజులు నా బుర్ర బండి చుట్టూ తిరిగింది. కిటికీకి ఊచలుంటాయి. ఊచల మధ్య కాయ పడుతుందా? మా వంటింటి కిటికీ ఊచల మధ్య పెద్ద నిమ్మకాయ పెట్టి చూశాను, పట్టింది. దానిమ్మ పట్టదు. డబ్బా పట్టదు. గుమ్మం దగ్గర జనం ఉంటారు, సోనీ దిగేలోగా బండి కదులుతుంది. కాయ చేతికిచ్చినా బండిలో ఒలుచుకుని ఎప్పుడు తింటుందో! పక్కవాళ్ళకు పంచేసి తను తినదు, అది సిస్టర్ల పద్ధతి. నేను చూడనిది తిన్నట్టే కాదు. కాబట్టి ఇంట్లోనే ఒలవాలి. గింజలు అరిటాకు పొట్లంలో కట్టాలి. పొట్లం ఊచల్లోంచి పడుతుంది, నా చెయ్యి కూడా పడుతుంది. వంటింటి కిటికీలోంచి బయటికి చెయ్యి పెట్టి మణికట్టు దాకా చూసుకున్నాను. గాజులు తీసేస్తే ఇంకా సులువు.

కిటికీ అవతల కొండమ్మ నిలబడి ఉంది. "పెట్టు, పెట్టు, నేను తింటాను" అని నోరు తెరిచింది.

బుధవారం పొద్దున్న వల కింద తాడు విప్పి లోపలికి వెళ్ళాను. కాయ ఎర్రబడింది. పక్కలు పలకలు దేరాయి. మీది కిరీటం కొసలు లోపలికి వంగాయి. గోటితో తట్టాను. పలికింది.

కోసి వంటింట్లో పీట మీద కూర్చున్నాను. కత్తి పెట్టడానికి ఒక్క క్షణం చెయ్యి ఆగింది. లోపల తెల్లగా ఉంటే? పురుగుంటే? పైతొక్క గాటు పెట్టి రెండు చేతులతో విప్పాను. గింజలు ఎర్రగా, బిగుతుగా, పళ్ళెం మీద రాలాయి. తొడిమ వైపు కొన్ని మాత్రం లేతగా ఉన్నాయి, వాటిని పక్కకు తీశాను. ఒక గింజ రుచి చూశాను. తీపి, చివర కొంచెం పులుపు. ఇంకొకటి తినలేదు.

స్టేషనుకు కొండమ్మ వెంట వచ్చింది. సోనీ ఎక్కిన పెట్టె ఎక్కడ ఆగుతుందో తెలియదు కనుక నేను ఈ కొసన, తను ఆ కొసన నిలబడాలని ముందే అనుకున్నాం. బండి వస్తుందని మైకులో చెప్పారు. ప్లాట్‌ఫారం మీద అందరూ ఎవరికో ఒకరికి ఆ మాటే చెబుతున్నారు, "వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను" అని. పొట్లం గుండెకు అదిమి పట్టుకున్నాను. చేతిలో పని ఉంది. కాళ్ళు నిలబడ్డాయి.

బండి నన్ను దాటుకుంటూ వెళ్ళింది. కిటికీలు, కిటికీలు, ఒక దానిలో తెల్ల ముసుగు. "అమ్మా!" అన్న కేక ముందుకు వెళ్ళిపోయింది. నేను నడిచాను. అంత వేగంగా నేను నడవగలనని నాకే తెలియదు. అవతల నుంచి కొండమ్మ చేతులూపుతూ "ఇక్కడే వదినా, ఇక్కడే!" అని అరుస్తోంది.

సోనీ ఊచలు పట్టుకుని కూర్చుంది. చిక్కింది. కళ్ళద్దాలు వచ్చాయి. పక్కన ఇంకో సిస్టరు, మలయాళీ పిల్లలా ఉంది, నన్ను చూసి చేతులు జోడించింది.

"వచ్చేవా అమ్మా! నిజంగా వచ్చేవా!"

"స్వెట్టరు పెట్టుకున్నావా? అక్కడ చలి."

"పెట్టుకున్నాను. అది... అదేనా?"

పొట్లం విప్పాను. గింజలు చూసి సోనీ ఊచలకు మొహం ఆనించింది.

"నువ్వు నాటిందే. చిలకలు, ఉడతలు, గాలీ, అన్నీ దాటి వచ్చింది. నోరు తెరు."

"సిస్టరుకి కూడా..."

"సిస్టరుకి పొట్లం ఇత్తాను. ముందు నోరు తెరు."

గాజులు లేని చెయ్యి ఊచల్లోంచి పెట్టాను. గుప్పెడు గింజలు నోట్లో పోశాను. నమలకముందే ఇంకో గుప్పెడు. సోనీ నవ్వింది, రసం గడ్డం మీదికి కారింది, ముసుగు అంచుకు ఎర్ర చుక్క పడింది. పొట్లం పక్క సిస్టరు ఒళ్ళోకి తోశాను. బండి కూత వేసింది.

సోనీ నా వేళ్ళు పట్టుకుంది. ఏదో చెప్పబోయింది. నోటినిండా గింజలు. బుగ్గలు ఉబ్బించి, తల అడ్డంగా నిలువుగా ఊపుతూ, కళ్ళతో నవ్వుతూ, "మ్మ్... మ్మ్" అంటోంది. బండి కదిలింది. నేను రెండు అడుగులు పక్కనే నడిచి వేళ్ళు వదిలాను.

"గింజలు ఊసెయ్యకు! నమిలి మింగు!" అని అరిచాను.

తెల్ల ముసుగు ఊచల్లోంచి చెయ్యి ఊపుతూ, ఇంకా నములుతూ, చివరి దాకా వెళ్ళింది. చివరి దాకా చూశాను.

కొండమ్మ ఆయాసపడుతూ వచ్చి నా పక్కన నిలబడింది. "పాపం, ఆ పిల్లని ఒక్క మాట సెప్పనియ్యలేదు కదే నువ్వు!"

"సెప్పనియ్యకూడదనే" అన్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకోబోయి మానేశాను. అరచేయి ఇంకా తడిగా, జిగురుగా ఉంది.

"మిగిలిన మూడు కాయలు ఎవరికి మరి?"

"ఒకటి చిన్నమ్మలుకి. ఒకటి మీ ఆయనకి."

"నాకో?"

"నువ్వు మీ ఆయనతో దెబ్బలాడి తీసుకో. మూడోది చెట్టు మీదే ఉంచి, దాని మీద వల తీసేత్తాను. తొలకరి నుంచి కాచుకుని కూకున్నాయి, తిననీ."

"చిలకలకా? మతి పోయిందేటే?"

"వొచ్చే తొలకరికి మళ్ళీ బిగిత్తాం. ఏలూరు నుంచి పోయిన బండి ఏలూరు తిరిగి రావాలన్నా ఈ పట్టాల మీదే రావాలి. మీ ఆయన్ని సరుగుడు కర్రలు అమ్మొద్దని సెప్పు."

మెట్లు దిగి ఆటో కోసం నిలబడ్డాం. అప్పుడు గుర్తొచ్చింది, గ్యాసు కట్టానో లేదో.